ఆ నడిమి వైరు లాగింది నేనే

మా బావ దగ్గర ఒక కథ ఉంది. ఇంట్లో ఏ ఫంక్షన్ జరిగినా, భోజనాలయ్యాక మగవాళ్లంతా ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు, "ఆ బ్యాటరీ దొంగ ముచ్చట చెప్పరాదే" అని. బావ గొంతు సవరించుకుంటాడు. తన దగ్గర పనిచేసిన బస్సు డ్రైవరు ఎలా నిలబడ్డాడో లేచి నిలబడి చూపిస్తాడు. "కొత్త బ్యాటరీ పీకి అమ్ముకున్నడు. యాడనో చెత్తల దొరికిన డొక్కు బ్యాటరీ తెచ్చి దాని జాగల పెట్టిండు. అడిగితే ఏమంటడు? నీళ్లు ఎక్కువ తాగింది సార్, అంటడు. బ్యాటరీ తాగిందా, నువ్వు తాగినవా అన్న!"

అందరూ నవ్వుతారు. చివర్లో బావ నా భుజం మీద చెయ్యి వేస్తాడు. "మా బామ్మర్ది పట్టిండు వాన్ని. లేకుంటే ఇంకా ఏమేం పీకుతుండెనో."

ఏడేళ్లు ఆ కుర్చీల్లో నేనూ కూర్చున్నాను. నవ్వలేదని చెప్పుకోగలను. లేచి పోలేదు కూడా.

ఆ కథ అబద్ధం. డ్రైవరు దొంగ కాదు. ఆ బ్యాటరీని పాడు చేసింది నా పని. ఆ సంగతి తెలిసీ అతన్ని దొంగను చేసింది నా నోరు. ఇప్పుడు ఇదంతా ఎందుకు తవ్వుతున్నావని మా వాళ్లలో కొందరు అడుగుతున్నారు. వాళ్లలో ఒక్కరినీ ఏడేళ్లపాటు ఎవరూ దొంగ అనలేదు. అందుకే అంత తీరిగ్గా అడగగలుగుతున్నారు.

ఎల్‌బీ నగర్‌లో హైవే పక్క సందులో నాది ఆటో ఎలక్ట్రికల్ షాపు. లారీలు, బస్సులు, డీసీఎంలు వస్తాయి. సెల్ఫ్ మోటారు, డైనమో, హెడ్‌లైట్లు, హారన్లు, వైరింగు, అంతా నేనే చూస్తాను. మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం. నేను మగ్గం వదిలి వైర్ల పనిలోకి వచ్చాను. మా అక్క భర్త, అంటే ఈ బావ, చీరల్లోనే ఉండిపోయి దిల్‌సుఖ్‌నగర్‌లో షాపు పెట్టాడు.

ఆయనకు ఒక మంచి ఆలోచనే వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో బండి పెట్టుకునే జాగా దొరక్క జనం షాపుకు రావడం తగ్గించారు. షాపే వాళ్ల గేటు దగ్గరికి పోతే? ఒక పాత స్టాఫ్ బస్సు కొని, సీట్లు పీకించి, రెండు వైపులా అరలు కట్టించి, నడుమ తెల్ల గుడ్డ వేసిన పరుపు పరిపించాడు. బడంగ్‌పేట్, బాలాపూర్ వైపు కొత్త కాలనీల్లో సాయంత్రం ఐదింటికి ఆపితే ఆడవాళ్లు వచ్చి చూసి కొనుక్కుంటారు. అదీ ఆలోచన.

దానికి లైట్లు, ఫ్యాన్లు, పాటలకూ మైకుకూ ఒక యాంప్లిఫయరు కావాలి. ఆ పని నాకు అప్పగించాడు.

"షాపుల ట్యూబులైటు కింద నెమలికంఠం నల్లగ కొడ్తది బామ్మర్దీ. చీర పట్కొని బయటికురుకుతరు ఎండల చూస్తందుకు. పొద్దుగూకినంక ఎండ యాడికెల్లి ఒస్తది? బండిల్నే పగలు చెయ్యి."

చేశాను. ఎలా చేశానన్నదే ఇక్కడ చెప్పాల్సింది.

కారుకు పన్నెండు వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. బస్సుకు, లారీకి ఇరవై నాలుగు వోల్టులు కావాలి కాబట్టి పన్నెండు వోల్టుల బ్యాటరీలు రెండు పెట్టి, ఒకదాని వెనక ఒకటి కలుపుతారు. బావ తెచ్చిన లైటు పట్టీలు, ఫ్యాన్లు, యాంప్లిఫయరు అన్నీ కార్లకు చేసినవి, పన్నెండు వోల్టులవి. వాటిని ఇరవై నాలుగుకు కలిపితే అక్కడే కాలిపోతాయి. అందుకని ఇరవై నాలుగును పన్నెండు చేసే కన్వర్టరని ఒక డబ్బా ఉంటుంది. అది బిగించి, దాని నుంచి లైట్లకు కరెంటు ఇవ్వాలి. సరైన పద్ధతి అదే.

ఇంకో పద్ధతి ఉంది. మా పనివాళ్లలో సగం మంది చేసేది అదే. రెండు బ్యాటరీలను కలిపే లింకు దగ్గర నడిమి వైరు అని ఒకటి తగిలించి లాగడం. అక్కడ ముందు బ్యాటరీ ఒక్కదాని పన్నెండు వోల్టులు దొరుకుతాయి. డబ్బా అక్కర్లేదు, ఐదు నిమిషాల పని. లైట్లు వెలుగుతాయి, పాట మోగుతుంది, బండి ఓనరు శభాష్ అంటాడు. ఆ రోజు ఏ తప్పూ కనబడదు.

తప్పు ఆ మర్నాటి నుంచి మొదలవుతుంది. లైట్లు, ఫ్యాన్లు, పాటలు అన్నీ ముందు బ్యాటరీనే తింటాయి. బండి నడిచేటప్పుడు డైనమో మాత్రం రెండింటికీ కలిపి ఛార్జింగు పంపుతుంది. ఏది ఖాళీ అయిందో, ఏది నిండుగా ఉందో దానికి తెలియదు. ఖాళీ అయిన ముందు బ్యాటరీ పూర్తిగా నిండదు. అప్పటికే నిండుగా ఉన్న వెనక బ్యాటరీ మీద ఇంకా ఇంకా పడుతుంది. అది లోపల ఉడుకుతుంది. నీళ్లు ఆవిరైపోతాయి, యాసిడ్ పైకి చిమ్ముతుంది, పెట్టె ఉబ్బుతుంది. ముందుది నీరసపడుతుంది గానీ పైకి కొత్తగానే కనిపిస్తుంది. ఎవరూ ముట్టుకోని వెనకది మాత్రం పదేళ్ల పాతదానిలా అయిపోయి చస్తుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని నేను రాయబోవడం లేదు. ఆ యాంప్లిఫయరుకు సరిపోయే పెద్ద కన్వర్టరు మార్కెట్లో లేదు, ఆర్డరు పెడితే వారం పడుతుందన్నారు. అదే మాట బావకు చెప్పాను.

"శుక్రవారం ముహూర్తం పెట్టిచ్చిన. పంతులు నీ డబ్బా కోసం ఆగుతడా?" అన్నాడు. "డబ్బా లేకుంటే లైట్లు వెల్గుతయా, వెల్గయా?"

"వెల్గుతయి గానీ..."

"వెల్గుతయిగా! ఇగ గానీ గీనీ ఏంది?"

నడిమి వైరు లాగేశాను. వారానికి కన్వర్టరు వచ్చింది. షాపులో అర మీద పెట్టాను. బండి రోజూ తిరుగుతోంది, ఒక పూట ఆపి ఇవ్వడానికి బావకు తీరిక లేదు, గట్టిగా అడగడానికి నాకు బద్ధకం. మూడో నెలలో ఆ కన్వర్టరు ఇంకో లారీకి బిగించి పంపేశాను.

ఇంకో సంగతి. కొత్త బ్యాటరీ బిగించిన రోజు వైరు బిగించే దాని సీసపు టెర్మినల్ మీద సన్నమొనున్న సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టడం నాకు పని నేర్పిన ఉస్తాద్ అలవాటు. ఎవరి గుర్తు వాళ్లది. నాది మూడు చుక్కలు, పొయ్యి రాళ్లలాగా. ఆ రోజు రెండు బ్యాటరీల మీదా కొట్టాను. బస్సు డ్రైవరు పక్కనే నిలబడి చూశాడు.

"గీ చుక్కలేందన్నా?"

"ఎవడన్న బ్యాటరీ మార్చిండనుకో, చుక్కలుండయి. దొరికిపోతడు."

"మంచిగుంది. నా నెత్తి మీద గూడ కొట్టు. జాతరల తప్పిపోతే మా ఇంటిది దొర్కవడ్తది."

అతను ఇబ్రహీంపట్నం అవతలి పల్లె నుంచి వచ్చినవాడు, నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. క్రైస్తవుడు. అతను నన్ను అన్నా అనేవాడు, నేను అతన్ని అన్నా అనేవాణ్ని. బస్సు డ్యాష్‌బోర్డు మీద అతను అంటించుకున్న చిన్న సిలువ ఉండేది, పక్కనే మా బావ పెట్టిన వినాయకుడు. పొద్దున్నే రెండింటినీ ఒకే గుడ్డతో తుడిచి బండి తీసేవాడు. చీరలు దులపడం, మడత పెట్టడం కూడా నేర్చుకున్నాడు. తనది కానిది ఏదీ ముట్టుకునే మనిషి కాదు.

రెండు నెలలకు అతను షాపుకు వచ్చాడు.

"అన్నా, జర బ్యాటరీలు చూడరాదే. ముందటిది నీళ్లు ముట్టుత లేదు. ఎనకది సీసలకు సీసలు తాగుతున్నది. ఏంది కథ?"

"ఎండలు గదా" అన్నాను, చేతిలో పని ఆపకుండానే.

"ఎండ రెండిటికీ ఒక్కటే గదన్నా."

ఎలక్ట్రీషియన్‌ని నేను. సరైన ప్రశ్న వేసింది అతను. నాకు ఎక్కడో కాలింది. "నీకు స్టీరింగు తెల్సు, నాకు కరెంటు తెల్సు. నీ పని నువ్వు చూస్కో" అన్నాను. అతను ఎదురుగా ఉన్న షాపులో బ్యాటరీ నీళ్ల సీసా కొనుక్కుని పోయాడు.

ఇంకోసారి ఫోన్ చేశాడు. బ్యాటరీ పెట్టె దగ్గర కుళ్లిన గుడ్ల వాసన వస్తోందని, చీరలకు పడుతుందేమోనని భయంగా ఉందని. మూతలు బిగించి పెట్టమన్నాను. రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ సరిగ్గా చెప్పాడు. అతని వల్ల అయింది అతను చేశాడు.

ఒక శనివారం సాయంత్రం బడంగ్‌పేట్‌లో ఒక అపార్ట్‌మెంట్ గేటుకు అడ్డంగా బస్సు తిప్పుతుండగా ఇంజన్ ఆగింది. మళ్లీ సెల్ఫ్ తీసుకోలేదు. లోపలి కార్లు బయటికి రాలేవు, బయటివి లోపలికి పోలేవు. వాచ్‌మన్ ఈలలు, హారన్లు. ఒకాయన కారు దిగి మా బావను అందరి ముందూ తిట్టాడు. ఆ కాలనీలో ఇక అడుగు పెట్టనివ్వమని అన్నారట. బావకు తల తీసేసినట్టయింది. ఆ అవమానం ఎవరి మీదో ఒకరి మీద దిగాలి. అది ఆ రాత్రే తయారై కూర్చుంది.

మర్నాడు ఆదివారం పొద్దున బ్యాటరీలు రెండూ నా షాపు ముందుకు వచ్చాయి. డ్రైవరు ప్రార్థనకు పోయే తెల్ల చొక్కాలో ఉన్నాడు, దారిలో నుంచి పిలిపించారు. బ్యాటరీలు దింపింది అతనే. చొక్కా కడుపు దగ్గర యాసిడ్ తగిలి అప్పుడే చిల్లులు పడుతున్నాయి. బ్యాటరీలు అమ్మిన దిల్‌సుఖ్‌నగర్ షాపాయన కూడా వచ్చాడు. విజయవాడ వైపు మనిషి. వారంటీ కార్డు చేత్తో పట్టుకుని వెనక బ్యాటరీ చుట్టూ ఒకసారి తిరిగాడు. పెట్టె ఉబ్బి ఉంది. పైన తెల్లగా పూత పట్టింది. నంబరున్న స్టిక్కరు యాసిడ్‌కు కరిగిపోయింది.

"ఏవండీ, రెండూ ఒకే రోజు నా దగ్గర కొన్నవి కదండీ. ఒకటి పెళ్లికూతురులా ఉంది, ఇదేమో ముసలమ్మలా ఉంది. అదెట్టా కుదురుద్దండీ? నంబరు కూడా లేదు. ఇది నేనిచ్చింది కాదండీ బాబూ. కావాలంటే ఎవరినైనా అడగండి."

ఒకే రోజు కొన్నవి ఒకేలాగే పాడవ్వాలి. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! అక్కడున్న నలుగురైదుగురు లారీ డ్రైవర్లు తల ఊపారు. బావ కళ్లు డ్రైవరు మీదికి పోయాయి.

"బండి కీ ఎవని దగ్గరుంటది?"

"నా దగ్గర్నే సార్."

"బండి ఎవని ఇంటి ముంగట పెడ్తరు?"

"మా ఇంటి ముంగట్నే. సార్, నేను మునుపే చెప్పిన, ఇదొక్కటే నీళ్లు తాగుతున్నదని. అన్నకు చెప్పిన. అడుగుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు.

"చెప్పిండా?" అన్నాడు బావ.

అవును అంటే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. ఎందుకు తాగింది? అప్పుడు నడిమి వైరు బయటికి వస్తుంది. నా షాపు ముందు, నా గిరాకీల ముందు.

"ఏమో, నాకు యాదికి లేదు" అన్నాను.

"సరే. నువ్వే చూడు. నువ్వు ఏదంటే అదే."

లోపలి నుంచి వేడినీళ్లు తెచ్చి వెనక బ్యాటరీ టెర్మినల్ మీద పోశాను. తెల్లపూత బుసబుసమని కరిగింది. గుడ్డతో తుడిచాను. సీసం మెరిసింది. మూడు చుక్కలు, పొయ్యి రాళ్లలాగా.

నా వీపు వాళ్లందరికీ అడ్డంగా ఉంది. గ్రీసు డబ్బా కుడిచేతి పక్కనే ఉంది. వేలితో తీసి ఆ చుక్కల మీద మందంగా రాశాను. టెర్మినల్‌కు గ్రీసు పెట్టడం మామూలు పనే. ఎవరికీ ఏమీ అనిపించదు. చచ్చిపోయిన బ్యాటరీకి గ్రీసు ఎందుకని కూడా ఎవరూ అడగలేదు.

"ఇది నేను బిగించింది కాదు" అన్నాను.

బావ ఊరుకోలేదు. రాసిమ్మన్నాడు. బిల్ బుక్కులో ఒక కాగితం మీద, రెండు బ్యాటరీల్లో ఒకటి మార్చినట్టు తేలిందని రాసి, సంతకం పెట్టి, షాపు స్టాంపు వేశాను. ఆ అక్షరాలు ఇప్పటికీ నాకు కనబడతాయి. ఒక్కటీ వంకర పోలేదు. అదే నాకు అన్నింటికంటే ఎక్కువ కోపం తెప్పించే విషయం.

డ్రైవరు అరవలేదు. ఒట్టు పెట్టలేదు. మా బావ కథలో ఒట్లు పెడతాడు, కాళ్లు పట్టుకుంటాడు. అవన్నీ బావ కల్పించినవి. అతను జేబులోంచి కీ తీసి ఆ ముందు బ్యాటరీ మీద పెట్టాడు. నా వైపు చూసి "అన్నా" అన్నాడు. ఒకే మాట. నేను చేతులకున్న గ్రీసు తుడుచుకుంటున్నాను. అతను చిల్లుల చొక్కాతో మెయిన్ రోడ్డు వైపు నడిచి పోయాడు.

బావ ఆ కాగితానికి ఫోటో తీశాడు, పక్కన డ్రైవరు లైసెన్సు ఫోటో పెట్టాడు. 'ఈ డ్రైవరుతో జాగ్రత్త' అని రాసి డ్రైవర్ల వాట్సాప్ గ్రూపుల్లో, బండ్ల ఓనర్ల గ్రూపుల్లో వేశాడు. అది ఎక్కడెక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు.

ఈసారి వెంటనే కన్వర్టరు తెప్పించి, కొత్త బ్యాటరీలు పెట్టేటప్పుడు నేనే బస్సు కిందికి దూరి నడిమి వైరు తీసేసి, దాన్ని బిగించాను. బావకు చెప్పలేదు. కొత్త బ్యాటరీలు రెండూ ఒక్క చిక్కు లేకుండా ఏళ్ల తరబడి నడిచాయి. "చూసినవా? వాడు పోయినంక ఒక్క బ్యాటరీ గూడ పోలే" అనేవాడు బావ. నా పని సరిగ్గా చేసినందుకు అతను ఇంకా పెద్ద దొంగ అయ్యాడు.

తర్వాత అతన్ని ఒక్కసారి చూశాను. బాలాపూర్ రోడ్డులో సిమెంటు దుకాణం ముందు బస్తాలు దింపుతున్నాడు. హెవీ లైసెన్సు ఉన్న మనిషి, ఇంకొకడు నడిపే లారీలో బస్తాలు మోస్తున్నాడు. నేను బండి పక్క సందులోకి తిప్పాను.

పోయిన నెలలో ఒక గురువారం, బడంగ్‌పేట్‌లో ఒక స్కూల్లో బస్సుల వ్యవహారం చూసే ఆయన నా షాపుకు వచ్చాడు. వాళ్ల బస్సుల వైరింగు నేనే చూస్తాను. ఫోన్ తీసి చూపించాడు. అదే ఫోటో. అదే స్టాంపు.

"గిది మీ షాపుదే గదా? ఈయన మా దగ్గర డ్రైవర్‌గ పెట్టుకొమ్మని ఒచ్చిండు. టెస్టు డ్రైవింగు మంచిగ చేసిండు. పిల్లల బండి గదా, తెలిసినోళ్లను అడుగుదమని ఒచ్చిన. నిజంగనే గట్లాంటోడా?"

ఏడేళ్ల తర్వాత అదే ప్రశ్న మళ్లీ నా దగ్గరికి నడిచి వచ్చింది. ఈసారి బావ లేడు, గుంపు లేదు. కాదు అని ఒక్క మాట చాలు.

"పాత సంగతి. పుస్తకం చూసి చెప్తా" అన్నాను.

ఏ పుస్తకం? ఏ పుస్తకంలో ఉంది? ఆయన సరేనని పోయాడు. శుక్రవారమంతా నేను ఏ పనీ చేయలేకపోయాను. ఒక టిప్పరు వచ్చింది. బ్యాటరీ పెట్టె మూత ఎత్తితే నడిమి వైరు. ఎవడో లాగాడు, పాటల కోసం. కటింగ్ ప్లయరుతో పటుక్కున కోసేశాను. "ఏయ్, ఏం చేస్తున్నవే, పాటలెట్ల మోగాలె?" అని డ్రైవరు మీదికొచ్చాడు. "నీ నౌకరీ కంటె పాటలు ఎక్కువనా?" అని అరిచాను. అతను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు.

శనివారం పొద్దున బావ దగ్గర పనిచేసిన ఆ డ్రైవరు ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ఒకే గది, రేకుల కప్పు. గుమ్మంలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. నన్ను చూసి లేవలేదు. నేను నిలబడే చెప్పాను. వైరింగు నాదే తప్పు, బ్యాటరీ నువ్వు మార్చలేదు, నాకు తెలుసు, అని.

అతను సగం గడ్డం నురగతో విన్నాడు.

"నాకెందుకు చెప్తున్నరు?" అన్నాడు. ఎప్పుడూ నువ్వు అనేవాడు, ఇప్పుడు మీరు. "నేను తియ్యలేదని నాకు తెల్వదా? తెల్వనోళ్లకు చెప్పుండ్రి."

అక్కడి నుంచే స్కూలాయనకు ఫోన్ చేశాను. ఆ కాగితం అబద్ధమని, ఆ మనిషి నమ్మదగినవాడని చెప్పాను.

"అరె, నిన్ననే వేరేటాయనకు కీ ఇచ్చేసిన. మీరు పుస్తకం చూస్తనన్నరు, ఫోన్ చెయ్యలేదు. ఏదో ఉన్నదనుకున్న" అన్నాడు.

ఫోన్ స్పీకర్లో ఉంది. అతను వింటూ మిగిలిన సగం గడ్డం గీసుకున్నాడు. లోపలి నుంచి అతని భార్య వచ్చి, నా ముఖం వైపు చూడకుండా, నీళ్ల మగ్గు అతని పక్కన పెట్టి పోయింది.

అక్కడి నుంచి నేరుగా దిల్‌సుఖ్‌నగర్ పోయాను. బావ గల్లా దగ్గర ఉన్నాడు. మొత్తం చెప్పాను. గ్రీసు సంగతి తప్ప.

బావ ముఖం ఎర్రబడింది. "ఏడేండ్లు నాతోని గీ కథ చెప్పిచ్చినవా? నా ఇజ్జత్ తీస్తున్నవా?"

"నీ ఇజ్జత్ కాదు బావా, పోయింది ఆ డ్రైవరుది."

"నేనేమన్న వైరు లాగిన్నా? నువ్వు లాగినవు."

"నేనే లాగిన. ఆ మాటే గ్రూపులల్ల చెప్తా."

"చెప్పు! మీ అక్క మొఖం చూసి ఊకుంటున్న. ఏడేండ్లు ఊకున్నోనివి, ఇంకో ఏడేండ్లు ఊకోలేవా? ఆడు ఎట్లనో బతుకుతనే ఉన్నడు గదా!"

బతుకుతూనే ఉన్నాడు కదా. ఈ మాట మీద నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. కానీ నిజం చెప్పాలి: ఏడేళ్లుగా నేను నాకు చెప్పుకున్న మాట కూడా అదే. బావ దాన్ని పైకి అన్నాడు, అంతే.

ఆ సాయంత్రం అదే బిల్ బుక్కులో రాశాను. బ్యాటరీ మార్చలేదని, నా వైరింగు వల్లే పాడైందని, అప్పుడు పొరపాటున వేరే విధంగా రాశానని. స్టాంపు వేశాను. ఫోటో తీసి నేనున్న గ్రూపులన్నింటిలో వేశాను. కొందరు దండం బొమ్మ పెట్టారు. ఒకడు 'ఎంత తీసుకున్నవే గిది రాయనీకి' అని రాశాడు. బావ నన్ను మా చుట్టాల గ్రూపులోంచి తీసేశాడు. రెండు రోజులకు ఇంకేదో గ్రూపులో పాత ఫోటోనే మళ్లీ తిరుగుతూ కనిపించింది. నా కొత్త కాగితం దానికి ఎదురు పోలేదు. అబద్ధానికి ఏడేళ్ల పాటు నేనే దారి వేసి ఇచ్చాను మరి.

వారం తర్వాత ఆ బస్సు డ్రైవరు నా షాపుకు వచ్చాడు. చేతిలో నా కాగితం ప్రింటు. షాపు ముందు ఇద్దరు లారీ డ్రైవర్లు ఉన్నారు. వాళ్లలో ఒకడు ఆ ఆదివారం కూడా ఇక్కడే తల ఊపినవాడు. అతను వాళ్లకు వినబడేట్టే అడిగాడు.

"పొరపాటు అని రాసిండ్రు. పొరపాటా?"

"వైరింగు..." అని మొదలుపెట్టాను.

"వైరింగు కాదు. వేడినీళ్లు పోసి తుడ్సిండ్రు. మూడు చుక్కలు ఒచ్చినయి. వాటి మీద గ్రీసు పెట్టిండ్రు. నేను మీ ఎనక కాదు, పక్కకు నిలవడ్డ. చూసిన."

ఏడేళ్లు అది నా ఒక్కడికే తెలుసనుకున్నాను.

"మరి అప్పుడెందుకు చెప్పలేదు?" అన్నాను. సిగ్గులేని ప్రశ్న.

"చుక్కలు మీయి. మీరు కాదంటుంటే నేను అవునంటే ఎవరు నమ్ముతరు? అందుకనే 'అన్నా' అన్న. మీరే చెప్తరేమోనని చూసిన." ఆగి, "శానా సేపు చూసిన" అన్నాడు.

తల ఊపినవాడు నేల చూశాడు.

బిల్ బుక్కు తీశాను. ఇంకో కాగితం రాశాను. బ్యాటరీ నేను బిగించినదే. దాని మీద నా మూడు చుక్కలు ఉన్నాయి. వాటిని చూశాను. చూసి, ఎవరికీ కనబడకుండా గ్రీసు పూశాను. తర్వాత అబద్ధం రాసి సంతకం పెట్టాను. ఈ మనిషి రెండుసార్లు నన్ను ముందే హెచ్చరించాడు. నేను వినలేదు. ఈసారి స్టాంపు వంకరగా పడింది.

అతను కాగితం తీసుకుని, నాకోసం కాదు, ఆ ఇద్దరి కోసం, నెమ్మదిగా పైకి చదివాడు. గ్రీసు అన్న చోట ఆగి, మొదటి నుంచి మళ్లీ చదివాడు. తర్వాత నాలుగు మడతలు పెట్టి, జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, లైసెన్సు వెనకాల దాన్ని దోపుకున్నాడు.

"కూసో అన్నా, చాయ్ తెప్పిస్త" అన్నాను.

"వద్దు" అన్నాడు. "ఈడ్నుంచి స్కూలు కాడికి పోవాలె. ఆ నౌకరీ పోతే పోయె, ఇంకోటి ఖాళీ అయితె అడగాలె గదా. ఆ సార్‌కు ఇది చూపియ్యాలె. మీరు గూడ రాండ్రి. కాగితం ఒక్కటి పోతే నమ్ముతలేరు."

షట్టరు దించాను. అతను నా బండి వెనక కూర్చోలేదు. మెయిన్ రోడ్డు మీద షేర్ ఆటో ఆపి ఎక్కాడు. నేను ఆ ఆటో వెనకే పోయాను.